బట్టమేక పిట్ట పంచనామా

2005 వానాకాలం. అటవీ శాఖలో సెక్షన్ ఆఫీసర్‌గా అమ్రాబాద్ నుంచి గద్వాల వైపు బదిలీ అయి అప్పటికి నాలుగు నెలలు. సెక్షన్ ఆఫీసర్ అంటే పెద్ద హోదా ఏమీ కాదు. కింద ఇద్దరు ముగ్గురు బీట్ గార్డులు, పైన రేంజ్ ఆఫీసర్, మధ్యలో ఎండా వానా మన వాటా. నేను పుట్టింది వనపర్తిలో, మా అబ్బాజాన్‌ది సైకిల్ షాపు. అడవి అంటే ఏమిటో నేర్చుకున్నది మాత్రం అమ్రాబాద్‌లోనే. తల ఎత్తి చూస్తే నెత్తిమీది టోపీ జారిపడేంత చెట్ల మధ్య తొమ్మిదేళ్లు తిరిగిన నన్ను తెచ్చి నడిగడ్డలో, అంటే కృష్ణకూ తుంగభద్రకూ నడుమ ఉన్న ఆ పొడి నేలలో వదిలేసరికి ప్రాణం ఉసూరుమంది.

తుంగభద్ర వైపు ఒక ఊరి పక్కన శాఖ భూమి ఉండేది. కనుచూపు మేర మోకాలెత్తు గడ్డి, అక్కడక్కడా రేగు కంపలు, నల్ల రాళ్లు. నా దగ్గరున్న మ్యాపులో దాని మీద ‘బ్లాంక్’ అని ఉంది. చెట్లు లేని జాగాను మేం బ్లాంక్ అంటాం. బ్లాంక్ కనబడితే గుంతలు తీసి మొక్కలతో నింపాలి, నాకు తెలిసిన విద్య అదొక్కటే. మూడేళ్లలో దాన్ని చిన్న అమ్రాబాద్ చేసి చూపిస్తానని భార్యతో కూడా గొప్పలు చెప్పుకున్నాను.

ఊరివాళ్లకు ఆసక్తి కలగాలని రెండు వారాలకోసారి ఆదివారం పొద్దున ‘అడవి నడక’ పెట్టేవాణ్ణి. ఓ పాతిక ముప్పై మంది వచ్చేవాళ్లు. ఆ భూమి మీద గంటన్నర నడక, తర్వాత సమితి గది ముందు నా ఉపన్యాసం, చివర అటుకులు, చాయ్. నాకు మాట్లాడటమంటే మహా సరదా. గద్వాలలో ఒక చేతి మైకు కొనుక్కొచ్చి, అది పట్టుకుని ముందు నడుస్తూ, ఇక్కడ టేకు వస్తుంది, అక్కడ కానుగ వస్తుంది అని రాబోయే అడవిని గాలిలో చూపించేవాణ్ణి. ఉన్నదాని గురించి ఒక్క ముక్క కూడా చెప్పేవాణ్ణి కాదు. ఉన్నదేముందని?

సమితి అంటే వన సంరక్షణ సమితి, శాఖతో కలిసి ఆ భూమిని చూసుకునే ఊరి కమిటీ. దాని అధ్యక్షురాలు ఈదమ్మ. నాలుగెకరాల పల్లి చేను చేసుకునే మనిషి, నోరు కాస్త పదును. ఒక నడకలో మైకు చప్పుడు భరించలేక అననే అంది:

“రహీం సారూ, నీ గొంతుకు ఊర్ల కుక్కలే ఉరుకుతున్నయి. ఇగ ఈడ ఏ జీవం నిలుస్తది, ఏం జూపిస్తవు మాకు?”

అందరూ నవ్వారు. నేనూ నవ్వేసి ఊరుకున్నాను.

ఆగస్టులో మంచి వాన పడింది. నర్సరీ నుంచి లారీ నిండా మొక్కలు తెచ్చి దింపించాను. గురువారం కూలీలతో తాడు పట్టించి, గుంతలు తీయాల్సిన చోటల్లా సున్నం చుక్కలు పెట్టించాను. గడ్డి మీద తెల్లటి వరసలు చూస్తుంటే కడుపు నిండిపోయింది. సోమవారం తవ్వకం మొదలు, అదే రోజు రేంజ్ ఆఫీసర్ వచ్చి చూస్తారు. దానికి ముందు ఆదివారం నడక, ఊరంతా పిలుపు.

శుక్రవారం సాయంత్రం బీరప్ప వచ్చాడు. గొర్ల కాపరి, డెబ్బై దాటిన మనిషి. భార్యది రాయచూరు వైపు, అందుకని మాట్లాడుతూ మాట్లాడుతూ ఏదైనా ఒప్పుకోవాల్సి వస్తే కన్నడంలో ‘హౌదు’ అనేస్తాడు. కర్ర గోడకు ఆనించి సమితి గది గడప దగ్గర కూర్చున్నాడు.

“సారూ, ఆ గడ్డిల సున్నమెందుకు పోసిండ్రు?”

“గుంతల కోసం తాతా. సోమారం సంది తవ్వుతం.”

“ఏరే జాగ లేదా?”

“అది ఖాళీదే గదా.”

“ఖాళీ అని నీకెవరు జెప్పిండ్రు?” అన్నాడు మెల్లగా. “బట్టమేక పిట్ట గుడ్డు మీద కూసున్నది ఆడ.”

నేను పకపకా నవ్వాను. బట్టమేక పిట్టను ట్రైనింగులో ఫొటోలో చూశాను. గొర్రెపిల్లంత బరువు, మనిషి నడుము దాకా ఎత్తు ఉండే పక్షి. దేశంలోనే అరుదైపోయింది, తుంగభద్ర అవతల కర్నూలు వైపు కొన్ని మిగిలాయని వినికిడి. అది వచ్చి నా బ్లాంక్‌లో కూర్చుందట!

“తాతా, నిజం జెప్పు. నీ గొర్లకు మేత పోతదని గదా ఇదంతా?”

ఆయనకు కోపం రాలేదు. “హౌదు సారూ, మేత గూడ పోతది. ఎనభై గొర్లున్నయి నాకు, అబద్ధమెందుకు జెప్త? గని పిట్ట గూడ ఉన్నది. నా చిన్నప్పుడు ఏటా వచ్చేటియి. నడుమల శానేండ్లు రాలే. ఈసారి జంట వచ్చింది.”

“మరి గురువారం కూలోళ్లు అంతసేపు తిరిగిండ్రు. ఒక్కనికీ కనపడలే?”

“మనిషొస్తే లేచి వంగి నడుసుకుంట పోతది. పోయినంక మల్ల వచ్చి కూసుంటది. ఆదివారం నన్ను ముందు నడవనియ్యి, జూపిస్త. ఒకటే షరతు. అందరు నా గొర్ల నడుమ నడవాలె. గొర్లంటే దానికి భయం లేదు. తెల్లంగీలు కనపడొద్దు, గొంగడ్లు కప్పుకోవాలె. నీ మైకు ఇంటికాడ వెట్టు.”

మైకు మాట కొంచెం గుచ్చుకుంది. అయినా సరే అన్నాను. పిట్ట లేదని తేలిపోతే సోమవారం తవ్వకానికి ఇక అడ్డు చెప్పేవాడు ఉండడని నా లెక్క.

ఆదివారం తెల్లవారేసరికి మబ్బు పట్టి ఉంది. ముప్పై ఒక్క మందిమి, సగం మంది అడిగి తెచ్చుకున్న గొంగళ్లలో, ఎనభై గొర్రెల మధ్య బయల్దేరాం. ఉన్ని వాసన, తడి గడ్డి వాసన. గొర్రె రెండడుగులు వేస్తుంది, మేస్తుంది, మళ్లీ రెండడుగులు. మనమూ అంతే. నోరు మూసుకుని నడవడం నాకు ఎంత నరకమో మొదటి పది నిమిషాల్లోనే తెలిసింది. చెయ్యి మైకు కోసం తడుముకుంటోంది.

అయితే కాసేపటికి కళ్లు పనిచేయడం మొదలుపెట్టాయి. అరచేతిలో పట్టేంత పిట్ట ఒకటి గడ్డిలోంచి నిట్టనిలువుగా ఆకాశంలోకి లేచి, అక్కడే రెక్కలాడిస్తూ పాడి, రాయి పడ్డట్టు కిందికి దిగింది. ఒక గొర్రె గిట్ట పక్కనే కుందేలు పడుకున్న గుంట, గడ్డి ఇంకా నలిగి వెచ్చగా ఉంది. రాళ్లనుకున్నవాటిలో నాలుగు తీతువు గుడ్లు. నెలల తరబడి ఇదే నేల మీద నడిచాను, ఒక్కటీ చూడలేదు. ఈదమ్మ నా వైపు తిరిగి కనుబొమ్మలెగరేసింది. ఇది ఖాళీనా అని దాని అర్థం.

అప్పుడు వినబడింది. ఖాళీ కుండ మూతికి నోరు పెట్టి ఎవరో ఊదినట్టు, లోతుగా, “హూఁ...” అని. కాసేపు ఆగి మళ్లీ. బీరప్ప కర్ర దించాడు. కూర్చోమని గుర్తు. అందరం గొర్రెల మధ్య చతికిలపడ్డాం.

ఎదురుగా చిన్న మిట్ట మీదికి మగ పక్షి నడిచి వచ్చింది. యా అల్లా! ఫొటోలో చూసింది ఏ మూలకు? తెల్లటి పొడవాటి మెడ, నెత్తిన నల్ల టోపీ, మహారాజులా ఒక్కో అడుగూ ఆలోచించి వేస్తోంది. ఆగింది. మెడ కింద తెల్లటి సంచి ఉబ్బి ఉబ్బి దాదాపు నేలకు తాకింది, తోక వీపు మీదికి విచ్చుకుంది, మళ్లీ ఆ ధ్వని. గుండె ఎంత గట్టిగా కొట్టుకుందంటే ఆ చప్పుడుకే పక్షి లేచిపోతుందేమోనని భయపడ్డాను. ఈదమ్మ నా మణికట్టు పట్టుకుంది. ఆమె గోళ్లు దిగిన గుర్తులు రెండు రోజులు ఉన్నాయి.

“అది మొగది. ఆడది ఈ దిక్కుంది,” అని బీరప్ప గడ్డంతో చూపించాడు.

చూశాను. ఏమీ లేదు. మట్టి, గడ్డి, నా సున్నం చుక్కల వరస. మందలోంచి ఒక గొర్రె మేస్తూ అటు వెళ్లింది. ఉన్నట్టుండి మట్టిలో ఒక భాగం మెడ ఎత్తి, రెక్కలు విప్పి బుస్సుమంది. గొర్రె మర్యాదగా పక్కకు తిరిగింది. పక్షి రెక్కలు ముడిచి మళ్లీ మట్టిలో కలిసిపోయింది. దాని పక్కన, చెయ్యి చాపితే అందేంత దూరంలో, నా సున్నం చుక్క.

ఇరవై నాలుగు గంటల్లో అక్కడ గడ్డపార దిగేది. దింపించేవాణ్ణి నేనే, పక్కన నిలబడి చప్పట్లు కొట్టేవాణ్ణీ నేనే. దగ్గరికెళ్లి చూద్దామని ఎవరో లేవబోతే బీరప్ప కర్ర అడ్డం పెట్టాడు. “ఒక్కటే గుడ్డు పెడతది. బెదిరితే ఇడిసిపెడతది,” అన్నాడు. వచ్చినట్టే గొర్రెల నడుమ వెనక్కి మళ్లాం.

సమితి గది చేరేదాకా ఆపుకున్న మాటలన్నీ ఒక్కసారి తెగిపడ్డాయి. అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు, పెద్దలు చిన్నపిల్లల్లా మెడ చాపి నడిచి చూపిస్తున్నారు. ఉపన్యాసం వంతు వచ్చింది. ముందు నిలబడ్డాను, మైకు లేదు.

“తప్పు నాది,” అన్నాను. “నేను చెట్ల కోసమే చూసిన. బీరప్ప తాత జెప్తే నవ్విన. ఆ గడ్డిల ఒక్క గుంత తవ్వినా పిట్ట పోతది.”

అంతకంటే చిన్న ఉపన్యాసం నా జీవితంలో ఇవ్వలేదు.

“మరి మొక్కలేం జేద్దం? ఎండబెడ్తమా?” అంది ఈదమ్మ. తనే జవాబు చెప్పింది. “చెరువు కట్ట అవతల పోరంబోకు ఉన్నది, రాళ్లే తప్ప గడ్డి గూడ మొలవదు. ఆడ పెడదం. కూలీ గూడ పోదు.”

మంచి మాటే. కానీ మొక్కల జాగా మార్చే అధికారం నాకు లేదు, రేంజ్ ఆఫీసర్ ఒప్పుకోవాలి. నా దగ్గర కెమెరా లేదు. పిట్ట కనిపించిందంటే ఎవరు నమ్ముతారు? శుక్రవారం నేనే నమ్మలేదు కదా.

అప్పుడు తట్టింది పంచనామా సంగతి. దొంగ కలప పట్టుకున్నప్పుడు ఊరి సాక్షుల ముందు, ఎక్కడ, ఎప్పుడు, ఏం దొరికింది, ఎవరి దగ్గర దొరికింది అని కాగితం రాసి సంతకాలు తీసుకుంటాం. అలాంటివి నా చేత్తో ఎన్ని రాశానో. సంచిలోంచి తెల్లకాగితాలు తీసి మొదలుపెట్టాను: “మేము కింద సంతకాలు చేసిన పంచులము, ఈ దినం పొద్దున సదరు గడ్డి భూమిలో మా కళ్లారా చూసినది ఏమనగా...” పక్షి ఎత్తు దగ్గర పెద్ద గొడవ అయ్యింది. నడుము దాకా అని ఒకరు, ఛాతీ దాకా అని ఒకరు. చివరికి బీరప్ప కర్ర మీద గీత పెట్టి, టేపుతో కొలిచి రాశాను. ముప్పై మంది సంతకాలు, వేలిముద్రలు. అన్నిటికంటే పైన బీరప్ప బొటనవేలు.

సోమవారం రేంజ్ ఆఫీసర్ వచ్చారు. కటువు మనిషి, అన్యాయస్తుడు మాత్రం కాదు. కాగితం చేతికిచ్చాను.

“ఏందయ్యా, కలప పట్టినవా?”

“లేదు సార్. పిట్ట.”

మొత్తం చదివారు. “ఫొటో ఏది?”

“లేదు సార్. సాక్షులున్నరు.”

మళ్లీ మొదటి నుంచి చదివారు. వేలు ఒకచోట ఆగింది. “ముద్దాయి పేరు కాడ ఏం రాయలేదేంది? ముద్దాయి లేకుంట పంచనామా ఏంది?”

అలవాటు కొద్దీ ఆ వరస కూడా గీశాను, ఏం రాయాలో తోచక వదిలేశాను. ఇప్పుడు తోచింది. కాగితం తీసుకుని రాశాను: రహీం, సెక్షన్ ఆఫీసర్. నేరం: చూడకుండానే ఖాళీ అనుకొనుట.

ఆయన అది చదివి కాగితం మడిచారు. నాకు మెమో ఖాయమనుకున్నాను. తర్వాత గడప దగ్గరున్న బీరప్ప వైపు తిరిగి, “పెద్దాయనా, నన్ను గూడ గొర్లల్ల నడిపిస్తవా?” అన్నారు.

యూనిఫాం మీద గొంగడి కప్పుకుని, టోపీ చంకలో పెట్టుకుని గొర్రెల మధ్య మా రేంజ్ ఆఫీసర్ నడిచిన తీరు చూడాలి! గంట తర్వాత తిరిగి వచ్చారు. రెండు గ్లాసుల నీళ్లు తాగి, లారీ పిలిపించి డ్రైవర్‌తో, “మొక్కలు చెరువు కట్టకు తోలు,” అన్నారు.

నెల తిరగకముందే బీరప్ప బస్సెక్కి గద్వాలకు, మా ఆఫీసుకు వచ్చాడు. అప్పటిదాకా ఆఫీసు గడప తొక్కి ఎరగడు. కర్ర పట్టుకుని గుమ్మంలోనే నిలబడి, లోపల ఇంతమంది ఉన్నారన్న ధ్యాస కూడా లేకుండా అరిచాడు.

“సారూ! పిల్ల నడుస్తున్నది!”

నేను కుర్చీలోంచి లేచి ఆయన్ను వాటేసుకున్నాను. గుమాస్తాలు ఎవరి మనవడో నడక నేర్చాడనుకుని మిఠాయి అడిగారు, తెప్పించాను.

ఆ తర్వాత నేను బదిలీ అయ్యేదాకా నడకలు ఆగలేదు. ముందు బీరప్ప, మధ్యలో గొర్రెలు, అన్నిటికంటే వెనక నేను. మైకు బడికిచ్చేశాను. కొత్తగా ఏ సెక్షన్‌కు వెళ్లినా మ్యాపు తెరవకముందు, ఆ నేల మీద రోజూ నడిచేవాళ్లు ఎవరని అడిగి వాళ్ల వెనక ఒక పూట నడవడం అప్పటి నుంచే అలవాటైంది. సర్వీసులో ఎందరినో ముద్దాయిలుగా రాశాను, చాలామంది నేరం ఒప్పుకోలేదు. ఆ పంచనామా నకలు ఇంకా నా బీరువాలో ఉంది. అందులోని ముద్దాయి మాత్రం నేరం ఒప్పుకున్నాడు, ఒప్పుకున్నందుకు ఈనాటికీ సంతోషంగా ఉన్నాడు.