ఆకు వేసే వేళకు భీమిలిలో

పట్టుపురుగులు పెంచే ఇంట్లో ప్రయాణాలు కుదరవు. వేళకు మల్బరీ ఆకు వేయాల్సిందే. మాది చిక్కబళ్ళాపురం జిల్లా దిబ్బూరహళ్ళి. డిగ్రీ రోజుల్లో స్నేహితులతో ఒకసారి భీమిలి చూశాను. "సముద్రం చప్పుడు ఎట్లుంటాది?" అని నా భార్య రత్నమ్మ ఎన్నోసార్లు అడిగింది. "ఈ పంట కానీ, తీసుకుపోతా" అనేవాణ్ణి. పంట వెనక పంట వచ్చింది. పోయిన ఏడాది ఆమె చనిపోయింది. ఈసారి పట్టుగూళ్ళు అమ్మగానే, ఆమె తమ్ముడు మునిరాజును వెంటబెట్టుకుని బయలుదేరాను. ఆ ప్రశ్నకు జవాబు వినాలని.

బెంగళూరు నుంచి విశాఖకు రైల్లో దాదాపు ఇరవై గంటలు. స్లీపర్‌లో మనిషికి ఆరువందల లోపే. విశాఖ నుంచి భీమిలికి బీచ్ రోడ్డు మీదుగా బస్సు, గంటకు పైనే పడుతుంది. దిగేసరికి పొద్దున పదిన్నర. ఊరు చూపించడానికి ఒక ఆటో మాట్లాడుకున్నాం.

"ఏటి బాబూ, మీదే ఊరు? మాట తేడాగుంది" అన్నాడు డ్రైవరు.

"కర్ణాటకప్పా" అన్నాడు మునిరాజు.

"కర్ణాటకోళ్ళకి తెలుగెలాగొచ్చిందండి?"

"మాది ఉండనీ. నువ్వు మాట్లాడేది తెలుగేనా?"

డ్రైవరు పగలబడి నవ్వాడు. ఊరంతా ఓపిగ్గా తిప్పాడు.

ఇప్పుడు ఆదివారం విశాఖవాళ్ళు సరదాగా వచ్చిపోయే ఊరు గానీ, ఒకప్పుడు భీమిలి పెద్ద ఓడరేవు. బట్టల వ్యాపారానికి డచ్చివాళ్ళు వచ్చారు, తర్వాత ఇంగ్లీషువాళ్ళు. రేవు పోయింది. గడియార స్తంభం, లైట్‌హౌస్, డచ్చివాళ్ళ శ్మశానం మిగిలాయి. అక్కడ సమాధులు కోసుగా మనిషి కంటే ఎత్తున నిలబడి ఉన్నాయి. మునిరాజు ఒకదాని మీద చెయ్యి వేశాడు.

"ఇంతదూరం వచ్చి ఈడే పండుకున్నారే పాపం. ఇంట్లో ఆడోళ్ళకు ఎప్పుడు తెలిసిందో ఏమో."

నేను ఆటో వైపు నడిచాను.

ఒంటిగంటకు ఒడ్డునే ఉన్న మెస్‌లో అన్నం, చేపల పులుసు తిన్నాం. తర్వాత సరుగుడు చెట్ల నీడలో తువ్వాళ్ళు పరుచుకుని పడుకున్నాం. కాసేపటికి మునిరాజు దిగ్గున లేచాడు.

"బావా, లెయ్యి! ఆకయిపోయినట్లుండాది!"

అప్పటికే నేనూ సగం లేచి ఉన్నాను. నాలుగోసారి పొర విడిచి, మా మాటలో నాలుగో జ్వరం లేచిన పురుగులు ఆకు తింటుంటే ఇల్లంతా సన్నని వాన పడుతున్నట్టు ఉంటుంది. ఆ చప్పుడులో మాకు హాయిగా నిద్ర పడుతుంది. ఆకు అయిపోయి అది ఆగితేనే మెలకువ వస్తుంది. ఇక్కడ కెరటం విరిగి, నురుగు అదే చప్పుడుతో ఇసుకలోకి ఇంకిపోయి, ఒక్క క్షణం నిశ్శబ్దం. అదే మమ్మల్ని లేపింది.

మునిరాజు సముద్రాన్ని చూసి సిగ్గుపడ్డాడు. "అక్క ఉండింటే ఊరంతా చెప్పి నవ్వేది" అన్నాడు. తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

రత్నమ్మ అడిగింది రోజూ తన ఇంట్లో వింటున్న చప్పుడు గురించే. అప్పట్లో నేను ఆ మాట చెప్పగలిగేవాణ్ణి కాదు. కాలేజీ రోజుల్లో మేము కేకలు పెడుతూ నీళ్ళలోకి దూకాం, సముద్రాన్ని విననేలేదు. భీమిలి నన్ను నిందించలేదు. చాలా మందిని చూసిన ఊరు. సాయంత్రం ఆరింటి బస్సు దాకా మమ్మల్ని కూర్చోనిచ్చింది.

వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట. ఆదివారం వద్దు. మామూలు రోజు మధ్యాహ్నం వెళ్ళండి, గోల ఉండదు. కెరటం వచ్చేటప్పుడు కాదు, వెనక్కి పోయేటప్పుడు వినండి.