తెల్లవేషాలకే గిరాకీ

సౌదీలోని రాబిగ్‌లో మా బడి పిల్లల తండ్రులు చాలామంది రిఫైనరీ ఇంజినీర్లు. ఒకే పనికి తెల్లవాడికి ఎక్కువ జీతం, తమకు తక్కువ జీతం అని ఏ విందులో కలిసినా బిర్యానీ ముందు పెట్టుకుని వాపోతారు. వివక్ష అనే మాట నేను పుస్తకాల్లో చదివిన దానికంటే వాళ్ల నోట విన్నదే ఎక్కువ.

అందుకే అమ్మాయిల సెక్షన్‌లో ఏడో తరగతికి సోషల్ చెప్పే నేను, అమెరికా పాఠం అయ్యాక ధైర్యంగా ఒక ఇంటిపని ఇచ్చాను. ఆ పాఠంలో తెల్లవాళ్ల కోసం బస్సు సీటు ఖాళీ చేయమంటే ఒక నల్లజాతి స్త్రీ లేవనంటుంది. అలాగే మన ఊళ్లలో ఎవరిని విడిగా కూర్చోబెట్టేవారో, ఎవరు ఎదురు తిరిగారో ఇంట్లో అడిగి రమ్మన్నాను. మర్నాడు అందరూ కూడబలుక్కున్నట్టు ఒకే జవాబు తెచ్చారు. మా ఊళ్లో అలాంటివేవీ లేవు. అంత చల్లని ఊళ్లు వదిలేసి ఈ ఎండల్లోకి ఎందుకొచ్చామో నాకైతే అర్థం కాలేదు.

ఒక్క పిల్ల మాత్రం లేచి నిలబడింది. వాళ్ల నాన్న జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఏసీ టెక్నీషియన్. ఊరి హోటల్ బయట వాళ్ల కులంవాళ్లకు వేరే గ్లాసులుండేవట. తాగాక వాళ్లే కడిగి పెట్టాలి. ఒకరోజు వాళ్ల నానమ్మ ఆ గ్లాసు ముట్టుకోకుండా లోపలికెళ్లి బల్ల మీద కూర్చుని చాయ్ అడిగిందట. ఇచ్చేదాకా రోజూ వెళ్లి కూర్చుందట. చెబుతున్నంతసేపూ ఆ పిల్ల మొహంలో గర్వం చూసి నాకు కడుపు నిండింది.

యాన్యువల్ డేకి తెలుగు నాటికగా ఆ కథే వేద్దామన్నాను. మా హెడ్‌మిస్ట్రెస్‌ది గుంటూరు.

"మన పరువు మనమే తీసుకోవడం ఎందుకండీ? ఆ అమెరికాది వేయించండి. ఎవరూ నొచ్చుకోరు," అందావిడ.

సరే, అమెరికానే ఖాయమైంది. ఇక ఫోన్లు మొదలయ్యాయి. నాటికలో బస్సు డ్రైవర్ దుర్మార్గుడు, పోలీసు అంతకంటే దుర్మార్గుడు. అయినా ఆ వేషాల కోసమే తల్లులు ఎగబడ్డారు, ఎందుకంటే ఇద్దరూ తెల్లవాళ్లు. "మా అమ్మాయి ఈ ఎండలకి కమిలింది గానీ అసలు దబ్బపండు ఛాయండీ," అని ఒకావిడ సాక్ష్యంగా పసిపాపప్పటి ఉయ్యాల ఫోటో వాట్సాప్ చేసింది. హీరోయిన్ వేషం ఇస్తానంటే కంగారు పడిపోయింది. "మొహానికి నలుపు పూస్తారా? రేపు సంబంధాలు చూసేటప్పుడు ఆ ఫోటోలు బయటపడితే?" అంది. పిల్ల ఇంకా ఏడో తరగతి.

ఆ వేషం నేను వేస్తానని చెయ్యెత్తింది చాయ్ నానమ్మ మనవరాలే. రెండు రోజుల తర్వాత సాయంత్రం వాళ్లమ్మ గేటు దగ్గర నన్ను ఆపింది.

"నల్లగున్నదని ఇచ్చిన్రా టీచర్, మంచిగ చేస్తదని ఇచ్చిన్రా?"

"అందరికంటే బాగా చేస్తుందమ్మా."

"గట్లయితే చెయ్యనియ్యుండ్రి. మొకానికి మాత్రం ఏం పుయ్యకుండ్రి. రాత్రంత అద్దం ముంగటనే ఉంటున్నది."

నిజంగానే ఆ పిల్ల ప్రాణం పెట్టి నేర్చుకుంది. చివరి రిహార్సల్ స్టేజీ మీద పెట్టాం. కుర్చీలు వరుసగా వేస్తే అదే బస్సు. డ్రైవర్ వేషం పిల్లకు కాటుకతో మీసం దిద్దాం, స్టీరింగ్‌కు స్టీలు పళ్లెం ఇచ్చాం. ముందు వరుసలో కూర్చున్న హెడ్‌మిస్ట్రెస్ మొహం చిట్లించింది.

"హీరోయిన్ కనబడట్లేదండీ. పెద్దవాళ్లు వస్తున్నారు, కాస్త కళగల పిల్లయితే బాగుంటుంది."

లైట్లు పెంచితే కనబడుతుందన్నాను. ఆవిడ వినిపించుకోలేదు. బడి కమిటీ మెంబరు కూతుర్ని, ఆ ఉయ్యాల ఫోటో పిల్లనే, చెయ్యి పట్టుకుని స్టేజీ ఎక్కించింది. కావాలంటే లేతగా బ్రౌన్ రంగు పూద్దాం, వాళ్లమ్మకి నేను చెబుతానంది. కుర్చీలో కూర్చున్న పిల్ల నావైపు చూసింది. నాకు ఒళ్లు మండిపోయింది. నేను నోరు తెరిచేలోపే హెడ్‌మిస్ట్రెస్ ఆ కుర్చీ ముందుకెళ్లి వేలు చూపించింది.

"లే. ఆ సీటు ఈ అమ్మాయికివ్వు."

మీసాల డ్రైవర్ పళ్లెం చేత్తో పట్టుకుని అయోమయంగా అందరివైపూ చూసింది.

"మేడమ్, అది నా డైలాగు."

కుర్చీలో పిల్ల వరుస తప్పకుండా తన డైలాగు అందుకుంది.

"నేను లేవను."