సగం తలకు ఆముదం

దువ్వెనలో చిక్కిన వెంట్రుకలు చూసి గుండె గుభేలుమనని మగవాడు మీలో ఒక్కడైనా ఉన్నాడా? ఉంటే చెప్పండి, వచ్చి దండం పెడతాను. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే జేబుల్లోకి వస్తున్న ఆ రోజుల్లో నేను కర్నూలులో ఒక చిన్నపాటి హేతువాదిని. రుజువు లేనిదే ఏదీ నమ్మవద్దని సభల్లో బల్ల గుద్దేవాణ్ణి. ఇరవై ఆరేళ్లకే నడినెత్తిన చర్మం తొంగిచూడటం మొదలుపెట్టింది. అప్పటికే రెండు సంబంధాలవాళ్లు నా ఫొటో చూసి (అందులో తల వంచి పుస్తకం చదువుతున్నాను, అదే కొంప ముంచింది) జవాబైనా ఇవ్వలేదు. మూడోది కడప సంబంధం. నలభై రోజుల్లో పెళ్లిచూపులకు రమ్మన్నారు.

మా అవ్వ గుంటగలగరాకు వేసి ఆముదం కాచింది. "రుజువేది?" అన్నాను. "ఇదో, నా నెత్తే రుజువు" అని డెబ్బై ఏళ్ల కొప్పు విప్పి చూపించింది. ఒక్క కొప్పుతో శాస్త్రమవుతుందా? అందుకే నిఖార్సైన పరీక్ష పెట్టాను. పాపిడికి ఎడమవైపు రోజూ నూనె, కుడివైపు ఉత్తిది. రాలినవి నోటుపుస్తకంలో విడివిడిగా రాసుకోవడం. అవ్వ నెత్తి కొట్టుకుంది. "సగం మడికి నీళ్లు కట్టి సగం ఎండబెట్టే సేద్యం యాడన్నా ఉండాదేమిరా? పెండ్లిచూపుల నాడన్నా తలకు పోసుకోని పో!" పోసుకుంటే పరీక్ష చెడిపోదూ? నలభయ్యో రోజు కూడా సగం తలకే పట్టించి, ఎండలో కడప బస్సెక్కి ఎడమపక్క కిటికీ దగ్గర కూర్చున్నాను. దిగేసరికి ఎడమ సగం దుమ్ముతో ఎర్రటి అట్ట కట్టి నూనె చెంప మీదికి కారుతోంది, కుడి సగం గాలికి లేచి నిలబడింది.

"పిల్లోనికి ఒగ పక్కే చెమట కారతాండాది, ఏమన్నా జబ్బేమో కనుక్కోండి" అని లోపలి నుంచి అమ్మాయి తల్లి గుసగుస నా దాకా వినబడింది. ఈ సంబంధమూ పోయిందనుకున్నాను. దాచి లాభం లేదని నోటుపుస్తకం తీసి అంతా చెప్పేశాను. హైస్కూల్లో సైన్సు చెప్పే ఆ అమ్మాయి నా తలకేసి చూసి అడిగింది: "మీరు ఏ పక్కకు తిరిగి పండుకుంటారు?"

"ఎడమపక్కకు. తెల్లారేసరికి కుడికి తిరిగుంటాను."

"అయితే దిండుకు అంటిన నూనె కుడిపక్కకూ అంటింటాది గదా. మీ పరీక్ష ఎప్పుడో చెడిపోయింది."

సభల్లో ఎందరి నోళ్లో మూయించినవాణ్ణి, నోటుపుస్తకంలో నలభై రోజుల లెక్కనూ నా చేత్తోనే కొట్టేశాను.

"మళ్లా మొదట్నించి చేయాల. నూనె రాసేటోళ్లు ఒకరు, రాలినవి లెక్కబెట్టేటోళ్లు ఒకరు ఉండాల. రాసేది నేను చూసుకుంటా" అంది.

"మీరు కడపలో, నేను కర్నూల్లో... ఎట్లా కుదురుతుంది?" అన్నాను (అదీ నా తర్కం!). వాళ్ల నాన్న పడీపడీ నవ్వాడు. "శానా తెలివిగల్లోడివప్పా! ముహూర్తం పెట్టుకుంటే కుదురుతాది!"

ఇప్పుడు నా తలపై రెండు సగాలూ సమానమే, ఎటూ పెద్దగా ఏమీ లేదు. ఉన్న వెంట్రుకకు నూనె నిగనిగ ఇచ్చింది గానీ పోయినదాన్ని పిలుచుకు రాలేదు. అయినా ప్రతి ఆదివారం అవ్వ చెప్పిన పద్ధతిలోనే మా ఇంట్లో ఆముదం కాగుతుంది. నా తలంతా మర్దన చేస్తూ, "చెవి పైన నాలుగు మొలకలు కనబడతాండాయి" అంటుంది మా ఆవిడ. నేను రుజువు అడగను.

కనుక, దువ్వెన దాచుకుని దిగులుపడటం ఈ పూటతో మానేయండి. నూనె కాచండి. మీ మనిషిని పిలిచి తలకు రాయమనండి. దయచేసి రెండు పక్కలా రాయించుకోండి!