మూయడానికి జాగా

మా బావ పోయిన కబురు అక్కే ఫోన్ చేసి చెప్పింది. "మీ బావ పోయిండే. పొద్దున చాయ తాగి కప్పు కూడ కడిగి పెట్టిండు," అన్నది. మనిషి పోయినా కప్పు ముచ్చట మరవలేదు. కాపురమంతా ఆయన కడగని కప్పుల మీద పోట్లాడింది మరి.

మహబూబ్‌నగర్‌లో డ్రాయింగ్ మాస్టరుగా రిటైరైన బావకు, చావి తిప్పితే నడిచే పాత సినిమా కెమెరా ఒకటి ఉండేది. ఇంటిల్లిపాదీ ఫోన్లలో రీల్స్ తీస్తుంటే, ఆయన అసలు రీళ్లను ఫ్రిజ్‌లో పెరుగు పక్కన దాచేవాడు.

బొమ్మ మెల్లగా చీకట్లో కలిసిపోవడం ఆయనకు మహా ఇష్టం. తీస్తూనే లెన్సు మీది రింగు తిప్పితే లోపలి కన్ను మూసుకుంటుంది, తెర నల్లబడుతుంది. కానీ మా పాలమూరు ఎండలో ఆ కన్ను ముందే సూది బెజ్జమంత ఉంటుంది, ఇంకేం మూస్తాం? అందుకే అందరినీ నీడలోకి లాక్కొచ్చేవాడు.

"మూయడానికి జాగా ఉండాలంటే ముందుగాల మంచిగ తెరవాలె, మరదలు పిల్లా."

"మనుమరాళ్లున్న పిల్లను నేనే దొరికిన్నా నీకు?"

నా మీదా ఒకసారి అట్లా చీకటి చేసి, "దీని నోరు మూయించింది నేనొక్కణ్నే," అని చుట్టాలందరికీ చెప్పుకున్నాడు.

కెమెరా ముందుకు రానిది ఒక్క అక్కే. ఆమె నలుపు. పాత ఫొటోల్లో మీరూ చూసే ఉంటారు, పెళ్లి పట్టుచీర జరీ పోగుతో సహా పడుతుంది, మొకం ఉండాల్సిన చోట మసి. "చీర కావాల్నా? దండెం మీద ఆరేస్త, తీసుకో," అనేది.

ఆఖరుకు రీళ్లు దొరకడం ఆగిపోయింది. కెమెరాలో చివరి ముక్క మిగిలింది. బావ చేతికి వణుకు మొదలైంది. ఒక మధ్యాహ్నం అక్క వసారాలో, కొత్తగా సున్నమేసిన గోడకు ఆనుకుని పల్లికాయ వలుస్తుంటే, వెలుగు కొలిచే మీటరు తెచ్చి ఆమె చెంప దగ్గర పెట్టాడు.

"ఏంది, జరం చూస్తున్నవా?"

"గోడను చూసి కొలిస్తే నువ్వు బొగ్గయితవు. నీ మొకం చూసి కొలుస్తున్న. గోడ ఖరాబైతే కానియ్."

అక్క లేచి వెళ్లలేదు. బావ లెన్సు కన్ను పూర్తిగా మూసి మీట నొక్కి, వణికే చేత్తోనే రింగు మెల్లగా తెరిచాడు. ముక్క అయిపోయేదాకా తీశాడు. చివర చీకటి చేయలేదు.

"మరిచిపోయినవా బావా?" అని పక్కనే ఉన్న నేను అడిగాను.

"మరువలే," అన్నాడు.

రీలు కడిగించి తెచ్చాక అక్క చూడనన్నది. "ఎప్పటి లెక్కనే ఉంటది, నాకెందుకు?" ఆమె చూడందే ఎవరికీ చూపనని ఆయన. ఆ రీలు అట్లాగే బీరువాలో ఉండిపోయింది.

దినాలయ్యాక అక్క తనే అడిగింది, "గా రీలు పెట్టే," అని. ప్రొజెక్టరు నడపడం బావ నాకు నేర్పిన విద్య, తిట్టించుకుంటూనే నేర్పాడు. గోడకు దుప్పటి కట్టి తలుపులు మూశాను. ముందంతా చీకటి. అందులోంచి మెల్లగా అక్క వచ్చింది. ముక్కుపుల్ల, చెంప మీది గీతలు, గదవకు అంటిన పల్లి పొట్టు. వెనక గోడ తెల్లగా కరిగిపోయింది.

అక్క కన్నార్పకుండా చూసింది. "మొత్తం గోడ ఖరాబు చేసిండు మీ బావ," అన్నది.

ముక్క అయిపోయింది. చీకటి లేదు కదా, దుప్పటి ఒక్కసారిగా తెల్లగా వెలిగింది. రీలు తోక టపటపా కొట్టుకుంటోంది. ఆపాల్సింది నేనే. ఆపలేదు. ఆ వెలుగంతా అక్క మొకం మీద పడుతోంది.