శంషాబాద్ దాటాక ఒక బడి భోజనం, ఒక నాటుగుడ్డు

నేను బడి ఉప్మా తిని ఎదిగిన మనిషిని. తెనాలి పక్క పల్లెలో మా చిన్నప్పుడు మధ్యాహ్నం పూట గోధుమరవ్వ ఉప్మా పెట్టేవాళ్లు. తాలింపు ఉండేది కాదు, ఉండలు మాత్రం బోలెడు. అది లేకపోతే నేను మూడో తరగతి దాటేదాన్ని కాదని మా అమ్మ ఎన్నోసార్లు చెప్పింది. ఆ ఉప్మా వండిపెట్టిన ఆవిడ పేరు మాత్రం ఎంత గింజుకున్నా గుర్తు రాదు. యాభై దగ్గర పడ్డాక దానికి సిగ్గుపడడం మొదలుపెట్టాను. అందుకే మా అపార్టుమెంటులో ఉండే టీచరమ్మతో ఒకరోజు, "ఇప్పుడు బళ్లలో భోజనం ఎలా పెడుతున్నారో ఒకసారి కళ్లారా చూడాలని ఉందండీ" అన్నాను. ఆవిడ తనకు తెలిసిన ఒక హెడ్మాస్టరుకు ఫోను చేసి, "మా మేడం ఒకావిడ వస్తారు, భోజనం చూస్తారు" అని చెప్పింది. ఆ ఒక్క మాట ఎంత పని చేసిందో అక్కడికి వెళ్లాక గానీ తెలియలేదు. ఇది రెండు వేల పన్నెండు జూలై నాటి సంగతి.

పొద్దున ఎనిమిదింటికి అత్తాపూర్‌లో బయల్దేరాను. మా దగ్గర అడ్రసు అడిగితే వీధి పేరు చెప్పరు, ఫ్లైఓవర్ పిల్లర్ నంబరు చెబుతారు. విమానం ఎక్కేవాళ్లు పైనుంచి రయ్యిన పోతారు, సిటీ బస్సు కోసం చూసేవాళ్లం ఆ పిల్లర్ల కింద నిలబడతాం. ఆరాంఘర్ దాకా టికెట్టు ఏడు రూపాయలు. దూరం ఎంతో లేదు గానీ ఆ కూడలి దగ్గర అరగంట ఇరుక్కుపోయాం. అక్కడినుంచి శంషాబాద్ బస్టాండుకు షేర్ ఆటో పదిహేను రూపాయలు, ఐదుగురు పట్టే చోట ఎనిమిది మందిమి. శంషాబాద్‌లో టీ తాగి, ఊరికి తీసుకెళ్లి తీసుకురావడానికి రెండు వందలకు ఒక ఆటో మాట్లాడుకున్నాను. ఊళ్లోకి బస్సు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి మాత్రమే. ఆ ఊరి పేరు ఇక్కడ రాయను, మనుషుల పేర్లు కూడా మార్చాను. మహేశ్వరం వైపు అనుకోండి, చాలు.

ఆటో యాదయ్యది. యాభై దాటిన మనిషి, ఆ ఊరివాడే. దారికి రెండు పక్కలా హద్దురాళ్లు పాతిన ప్లాట్లు. "గీ రాయి కాడికెల్లి గా కరెంటు స్తంభం దాక మాదే ఉండె అమ్మా. జొన్న, కంది ఏసేటోళ్లం. ఇప్పుడు ఆటో నడుపుకుంటున్న" అన్నాడు మామూలుగా. ప్లాట్ల మధ్యలో రేకుల గుడిసెలు కనిపిస్తే ఎవరివని అడిగాను. కట్టుబడి పనికి పాలమూరు నుంచి వచ్చిన కూలీలవట.

"అమ్మ నాయిన పొద్దుగాల ఏడింటికే పనికి పోతరు. పెద్ద పొల్ల చిన్నదాన్ని సంకలేసుకొని బడికొస్తది. ఇంట్ల పొయ్యి వెలిగేది మళ్ల మాపటికే. గా బడి బువ్వ లేకుంటే గీ పిల్లలు బడి మొకం చూస్తరా అమ్మా?"

"మరి సంకలో పిల్లకి కూడా బళ్లో పెడతారా?" అన్నాను.

యాదయ్య అద్దంలోంచి నన్నోసారి చూశాడు. నా ఒళ్లో నోట్సు పుస్తకం తెరిచి ఉంది. "గది నాకు తెల్వదు" అని గేరు మార్చాడు.

పది దాటాక బడికి చేరాం. రెండు గదులు, ఒక వరండా, పక్కన వంటకు రేకుల షెడ్డు. హెడ్మాస్టరు ఓపికగా అన్నీ చెప్పాడు. ప్రార్థన అవగానే ఒక్కో తరగతి నుంచి ఒకరు షెడ్డుకు పోయి ఆ రోజు ఎంతమంది వచ్చారో చెప్పాలి. తలకు వంద గ్రాముల బియ్యం, ఆ లెక్క ప్రకారమే కొలిచి పొయ్యి మీద పెడతారు. వారానికి రెండు రోజులు గుడ్డు, అదీ తలకొకటి. నేను వెళ్లింది గుడ్డు రోజున. "గుడ్డు రోజు జ్వరాలు కూడా తగ్గిపోతాయి మేడం, హాజరు చూడాలి" అని నవ్వాడు. ఇంకో పద్ధతి నాకు బాగా నచ్చింది. పిల్లలకంటే ముందు పెద్దవాళ్లలో ఒకరు ఆ వంట తిని, బాగుందని పుస్తకంలో సంతకం పెట్టాలి. ఆ తర్వాతే వడ్డన.

వండేది ఎస్తేరమ్మ. ఊరి మహిళా సంఘంలో మనిషి, నలభై ఏళ్లుంటాయి. ముందు రోజు వానకు కట్టెలు తడిసి షెడ్డంతా పొగ. నేను కళ్లు తుడుచుకుంటూ, పుస్తకంలో రాసుకుంటూ, ప్రశ్న మీద ప్రశ్న వేశాను. బియ్యం ఏరతారా, కూరగాయలు కడుగుతారా, నూనె ఎంత పోస్తారు. "ఏరుతం మేడం." "కడుగుతం మేడం." ఇంతకు మించి ఆవిడ నోట మాట రాలేదు. పాపం, బాగా బిడియస్తురాలు అనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

పన్నెండుంబావుకు హెడ్మాస్టరు, "ఇవాళ రుచి మీరే చూడాలి" అని కుర్చీ వేయించాడు. పళ్లెంలో దొడ్డు బియ్యం అన్నం, సాంబారు, ఒక గుడ్డు. బుట్టలో ఉన్నవన్నీ తెల్లటి ఫారం గుడ్లు. నాకు వచ్చింది మాత్రం చిన్నది, గోధుమరంగు పెంకుతో ఉన్న నాటుగుడ్డు. అతిథినని ప్రత్యేకంగా ఉడికించారు కాబోలని మురిసిపోయాను. సాంబారు నేను ఇంట్లో పెట్టేదానికంటే నయం. గుడ్డు ఒలుచుకుని రెండు ముద్దల్లో తినేశాను. పుస్తకంలో "చాలా రుచిగా ఉంది" అని రాసి సంతకం పెట్టాను.

పిల్లలు ఇళ్లనుంచి తెచ్చుకున్న పళ్లాలు ముందు పెట్టుకుని వరండాలో వరసగా కూర్చున్నారు. ఒక విమానం నెత్తిమీదుగా దిగుతూ పోయింది. తలెత్తి చూసింది నేనొక్కదాన్నే, వాళ్ల చూపంతా గరిటె మీద ఉంది. వరస చివర ఒక పిల్ల అన్నం కలపకుండా కూర్చుంది. నాలుగో తరగతి, పేరు రేణుక అని పక్కవాళ్లు చెప్పారు. గుడ్డు పళ్లెంలో లేదు, పిడికిలిలో ఉంది. "తినవేమ్మా?" అంటే తల దించుకుంది. నేను అటు తిరగగానే లేచి వంట షెడ్డు వైపు నడిచింది. ఊరుకోవడం నాకు చేతనైతే కదా, వెనకే వెళ్లాను.

బియ్యం బస్తాల వెనక గోనెపట్టా మీద రెండు రెండున్నరేళ్ల పిల్ల కూర్చుని ఉంది. రేణుక తన గుడ్డు ఆ పిల్ల చేతిలో పెట్టి, "సప్పుడు చెయ్యకు చెల్లె, మెల్లగ తిను" అంటోంది. నన్ను చూడగానే ఇద్దరూ బిగుసుకుపోయారు. ఎస్తేరమ్మ గరిటెతోనే పరిగెత్తుకొచ్చింది.

"తప్పయింది మేడం. దీని పేరు బడిల లేదు, నాకెరుకే. సర్కారు గుడ్డు దీనికి పెడ్తలేను. మా ఇంటి కోడి గుడ్డు తెస్త, బువ్వ ఇగ అడుగుకు మిగిలిందే. రేపటి సంది చెల్లెను తోల్కరావద్దని పొద్దుగాల్నే చెప్పిన. జర మీదికి రాయకుండ్రి."

మా ఇంటి కోడి గుడ్డు. ఆ మాట చెవిన పడేసరికి నా ప్రాణం ఉసూరుమంది. తలకొక్క గుడ్డు చొప్పున లెక్క చూసుకునే చోట నాకంటూ ఒకటి ఎక్కడినుంచి వస్తుంది? ఆ పసిదాని కోసం తెచ్చిన గుడ్డు నేను తిన్నాను, పైగా రుచిగా ఉందని సంతకం పెట్టాను.

"నేను ఆఫీసర్ని కాదమ్మా. ఊరికే చూద్దామని వచ్చాను" అన్నాను.

"ఊకెనే చూద్దామని ఎవరొస్తరు మేడం?" అంది ఎస్తేరమ్మ. వెటకారం లేదు, నిజంగానే అడిగింది. భోజనం చూడడానికంటూ ఇంతవరకు ఆ బడికి వచ్చినవాళ్లంతా తప్పులు రాసుకుపోవడానికి వచ్చినవాళ్లే. పొద్దున "మేడం వస్తున్నారు" అని హెడ్మాస్టరు అనగానే ఆవిడ చిన్నపిల్లను బస్తాల వెనక దాచేసింది.

ఇంతలో ఆయనే వచ్చాడు. ఆయన్ని చూసి రేణుక నోరు విప్పింది. "సార్, పుస్తకాలు ఇయ్యాల్నే ఇచ్చెయ్యాల్నా? రేపటి సంది నేను రాను గద."

ఏడవలేదు, మామూలుగా అడిగింది. అంగన్‌వాడీ పెద్దరోడ్డుకు అవతల ఉంది. గుడిసెలో చెల్లెల్ని చూసుకునేవాళ్లు ఎవరూ లేరు. చెల్లెలు రాకూడదంటే తనూ రాకూడదని ఆ పిల్ల ఉదయమే లెక్క తేల్చుకుంది. నా చేతిలో ఉన్న పుస్తకం ఒక పిల్ల చదువు మాన్పించబోయింది. నాకు ఏడుపు ఆగలేదు.

"పుస్తకాలు నీ దగ్గరే ఉండనీ. రేపు చెల్లెను తీసుకునే రా" అన్నాడు హెడ్మాస్టరు. ఎస్తేరమ్మ వైపు తిరిగి, "నేను రోజూ చూస్తనే ఉన్న కదా, ఏమన్న అన్ననా?" అన్నాడు.

"గా మాట జర ముందుగాల చెప్తే ఏం పోయె సార్" అని ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది. ఆ తర్వాత నాతో మాట్లాడడం మొదలుపెట్టింది, ఇక ఆపితే ఒట్టు. వాళ్ల అమ్మాయి ఈ బళ్లోనే చదివి ఇప్పుడు శంషాబాద్‌లో ఇంటర్ చేస్తోంది. "నేను కూలికి పోయిన దినాలల్ల దాని కడుపు సూసింది గీ బడే అమ్మా. ఇప్పుడు నా చేతిల గరిటె ఉంది" అంది. చేతులెత్తి దండం పెట్టాలనిపించింది, పెట్టాను. ఆవిడ కంగారుపడి నా చేతులు పట్టుకుని కిందికి దించింది.

రెండింటికి ఆటో ఎక్కాను. "నీకు ఇదంతా తెలుసు కదూ యాదయ్యా?" అంటే, "తెల్వకేం. మీ చేతిల బుక్కు చూసి చెప్పలే" అన్నాడు. ఆటో కదలబోతుంటే రేణుక చెల్లెల్ని సంకనేసుకుని వచ్చి నిలబడింది.

"మేడం, మీరు మళ్ల వస్తరా?"

నేను పొంగిపోయాను. తప్పకుండా వస్తానని అనబోతూ ఆ పిల్ల మొహం చూశాను. అది పిలుపు కాదు.

"రానమ్మా" అన్నాను.

"నిజంగ?"

"నిజంగానే రాను."

పొద్దుటినుంచి మొదటిసారి నవ్వింది. చెల్లెల్ని ఇంకో సంకకు మార్చుకుని బడిలోకి పరిగెత్తింది.

ఆ మాట నిలబెట్టుకున్నాను, మళ్లీ వెళ్లలేదు. సర్కారు బియ్యానికీ పప్పుకూ గుడ్డుకూ నేను ఎప్పటికీ రుణపడే ఉంటాను. అవి లేకపోతే ఎస్తేరమ్మ ఒక్కతి ఎంతమందికని పెడుతుంది? కానీ పేరు రాయని పిల్లకు కూడా ఆకలేస్తుంది, ఆ ఆకలి కనిపెట్టే మనిషి పొయ్యి దగ్గర ఉండాలి. అలాంటి మనిషి చేతి వంట తిన్నందుకు నాకు సంతోషం, తిన్నందుకే బాధ కూడా. మీరూ ఏదైనా బడి భోజనం చూడడానికి వెళ్లాలనుకుంటే పన్నెండింటికల్లా చేరండి, వంటమనిషికి మీరెవరో మీ నోటితోనే చెప్పండి. ఇంట్లో కడుపునిండా తిని మరీ వెళ్లండి. అక్కడ మీకు పెట్టిన గుడ్డు ఎవరిదో మీకు తెలియదు.