దేవుని కుండలో పిడికెడు

మా అమ్మ మీద నాకు వచ్చినంత కోపం ఆ ఏడాది ఇంకెవరి మీదా రాలేదు. పోలీస్ యాక్షన్ అయిన రెండు మూడేళ్లకు, తాండూరు దగ్గరి నాపరాళ్ల గనిలో మా నాయిన కాలు మీద బండ పడింది. వికారాబాద్ దవాఖానాలో చేర్చారు. కాలు ఉంటుందో పోతుందో డాక్టరు చెప్పలేదు. గని యజమాని ఒక్కనాడైనా తొంగిచూడలేదు. ఇంట్లో అమ్మ, నేను, నా ఇద్దరు చెల్లెళ్లు మిగిలాం. అమ్మకు కూలి దొరికితే జొన్నలు, దొరక్కపోతే పస్తులు.

మా క్రైస్తవుల ఇళ్లలో ఒక పద్ధతి ఉండేది. వంటకు గింజలు తీసినప్పుడల్లా ఆడవాళ్లు ముందుగా ఒక పిడికెడు దేవుని కుండలో వేసి, ఆదివారం వాటిని చర్చికి ఇచ్చేవాళ్లు. తిండికి లోటు లేనప్పుడు అది నాకూ ముచ్చటగానే ఉండేది. కానీ అమ్మ ఆ కరువులో కూడా మానలేదు. మూడు రొట్టెలకు సరిపడే జొన్నల్లోంచి దేవునికి తీస్తే నలుగురికీ రెండే రొట్టెలయ్యేవి. చిన్న చెల్లె తన ముక్క తినేసి నా చేతివంక చూసేది. నాకు ఒళ్లు మండిపోయేది.

"దేవునికి గూడ ఆకలైతదా అమ్మా?" అని అడిగాను ఒకరోజు.

"గాయనే సూస్కుంటడు బిడ్డా. మీ నాయినను గాయనే లేపుతడు."

"ఏం సూస్కుంటడు? బండ పడ్డప్పుడు ఏడ వోయిండు?"

చెంప ఛెళ్లుమంది. రెండు రోజులు అమ్మతో మాట్లాడలేదు.

ఆ వారమే మా సంగతి తెలిసి చర్చి అయ్యగారి భార్య చాటలో జొన్నలు తెచ్చింది. తెల్లవి, పచ్చవి, పుచ్చువి అన్నీ కలిసి ఉన్నాయి. పదిళ్ల దేవుని కుండల్లోవని చూడగానే తెలిసిపోయింది. మావీ అందులో ఉండే ఉంటాయి. మా నోటికాడి ముద్ద చర్చి దాకా పోయి మాకే దానంగా తిరిగొచ్చినందుకు తల కొట్టేసినట్టయింది. అయినా ఈ పూట కడుపు నిండుతుంది కదా అని ఊరుకున్నాను.

ఆమె గడప దాటిందో లేదో, అమ్మ ఆ చాటలోంచి పిడికెడు తీసి దేవుని కుండ మూత తెరిచింది. నేను ఉరికి ఆమె మణికట్టు పట్టుకున్నాను.

"నీకేమన్న పిచ్చా? గవి దేవుని దగ్గరికెల్లే వచ్చినయి. మల్ల గాయనకేనా? చెల్లె మొకం జర సూడు!" అని అరిచాను.

ఈసారి అమ్మ కొట్టలేదు. చెయ్యి కూడా విడిపించుకోలేదు.

"నీకొక్కదానికే ఉన్నదా కోపం?" అంది. "దవాఖానకు పోయినప్పుడల్లా తొవ్వ పొడుగూత గాయనతోని కొట్లాడుకుంటనే పోత. గీ పిడికెడు గూడ మానేస్తే, గాయనను నిలదీసి అడగనీకి నాకేం మొకముంటది?"

నేను చెయ్యి వదిలాను, కోపం తగ్గి మాత్రం కాదు.

రెండు నెలలకు నాయిన ఒంటికాలితో ఇల్లు చేరాడు. చూడ్డానికొచ్చిన వాళ్లంతా వాకిట్లో నిలబడి, ప్రాణంతో బయటపడ్డాడు, దేవునికి స్తోత్రం అన్నారు. అమ్మ కొంగు నడుముకు బిగించి, వాళ్లందరి ముందే ఆకాశం వైపు చూసింది.

"నువ్వు ఉన్నవనే అడుగుతున్న దేవా! గా ఒక్క కాలు ఉంచితే నీ సొమ్మేం పోయింది?" అని గొంతెత్తి అడిగింది.

నేను పోయి అమ్మ పక్కన నిలబడ్డాను.