నాలుగున్నర అడుగులు

మా ఇల్లు ఉయ్యూరు దగ్గర కాలువ గట్టు మీద ఉండేది. వీధి తలుపు తీస్తే పన్నెండు అడుగుల దారి, ఆ తరవాత నీళ్లే. జూన్‌లో కాలువకి నీళ్లు వదిలారంటే గట్టు మీది ఇళ్లలో పాకే పిల్లల్ని మంచం కోడుకి కట్టేసేవాళ్లు. పాత చీర చింపి, నడుముకి మెత్తగా చుట్టేవాళ్లు. వేసవిలో నీళ్లు ఆపాకే విప్పడం. నన్నూ అక్కనీ కూడా అమ్మ అలాగే కట్టేది, కాకపోతే వంట చేసుకునే గంటసేపే.

అయిదారేళ్ల కిందట అక్క విజయవాడలో నర్సుగా చేసేది. బావ లారీ మీద తిరిగేవాడు. వాళ్ల పాపని ఎనిమిదో నెలలో మా దగ్గర వదిలారు. అప్పటికి అమ్మకి కుట్టు మిషను పని బాగా పెరిగింది. నేను డిప్లొమా సివిల్ రెండో సంవత్సరం, పొద్దున్నే బస్సెక్కితే మళ్లీ సాయంత్రమే.

పాపని కట్టే గుడ్డ ఎంత పొడవు ఉండాలో లెక్క వేసింది నేనే. మంచం కోడు నుంచి గడపకి ఏడడుగులు. పాప చెయ్యి చాపితే అడుగున్నర. జాగ్రత్త కోసం ఇంకో అడుగు తీసేశాను. మిగిలింది నాలుగున్నర. కోడు దగ్గర నుంచి సుద్దముక్కతో నేల మీద వంపుగా గీత గీసి చూపించాను.

"పంతులు లెక్క చెబుతున్నాడు, వినవే అమ్మా," అంది అమ్మ పాపతో, మిషను తొక్కుతూనే.

నా దగ్గర ఒక నోటుపుస్తకం ఉండేది. నెలనెలా అంగన్‌వాడీలో తూచిన బరువు, వేయించిన టీకాలు, వచ్చిన పళ్లు, తిన్న ముద్దలు, పడుకున్న గంటలు, అన్నీ రాసేవాణ్ణి. అక్క ఆదివారం చర్చి అయ్యాక బస్సు దిగి రాగానే ముందు ఆ పుస్తకమే అడిగేది.

"మా వార్డులో చార్టులు కూడా ఇంత శుభ్రంగా ఉండవురా," అనేది.

ఆదివారాలు పాప అక్క ఒళ్లోంచి దిగేది కాదు. గుడ్డ మడిచి పెట్టెలో ఉండేది. దాచాలని కాదు, ఆ రోజు దాని అవసరం ఉండేది కాదు. ఎన్ని గంటలు కట్టి ఉంచామన్నది మాత్రం నా పుస్తకంలో ఎక్కడా లేదు.

పక్కింటి పిన్నిగారు మెచ్చుకునేవారు. "మీ మనవరాలు బంగారమండీ. మావాడికి కాలు ఒకచోట నిలవదు."

ఏప్రిల్‌లో కాలువ ఎండింది. గట్టు మీది పిల్లలంతా కాలువ ఇసకలోకి దిగారు. మేమూ పాపని విప్పాం. అప్పటికి పద్దెనిమిది నెలలు నిండాయి, ఇంకా పట్టుకునే నిలబడుతోంది. మంచం దగ్గర దింపితే గుమ్మం వైపు చకచకా పాకింది. నాలుగున్నర అడుగులు వచ్చాక ఆగింది. కూర్చుని, వెనక్కి తిరిగి నడుము వైపు చూసుకుంది. మళ్లీ మంచం దగ్గరికే వెళ్లింది.

సుద్దగీత ఎప్పుడో చెరిగిపోయింది. అయినా ఎక్కడ ఆగిందో నాకు తెలుసు. అమ్మ మిషను ఆపేసింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

నడక రాలేదని అక్క భయపడి విజయవాడలో పిల్లల డాక్టరుగారికి చూపించింది. నేనూ వెళ్లాను. ఆయన కాళ్లు వంచి చూశారు, నా పుస్తకం తిరగేశారు.

"బరువు బాగుంది. ఎముకలూ బాగున్నాయి. తిండీ నిద్రా రాశావు, మరి ఆటేదీ? రోజంతా ఎక్కడ తిరుగుతుంది?"

"ఇంట్లోనే ఆడుకుంటుందండీ," అన్నాను.

"వదిలెయ్యండి బాబూ. పాకాలి, ఎక్కాలి, పడాలి. పడితే లేస్తుంది."

అక్క నా వైపు నమ్మకంగా చూసింది. చెప్పాల్సింది అప్పుడే. చెప్పలేదు.

ఇంటికి వచ్చాక గుమ్మానికి రెండడుగుల ఎత్తు చెక్క అడ్డం పెట్టాను. ఒక్క పూట పని. గుడ్డ పొడవు అంగుళాలతో సహా లెక్క వేసినవాడికి, తలుపుకి అడ్డం పెడితే పిల్లని కట్టక్కర్లేదన్న సంగతి పది నెలలు తట్టలేదు.

కాలువలో మళ్లీ నీళ్లు వచ్చేదాకా రోజూ సాయంత్రం పాపని ఇసకలోకి తీసుకెళ్లాను. నాలుగు బారలు ముందుకెళ్లి "రా, మావయ్య దగ్గరికి రా," అని పిలిచేవాణ్ణి. ఎత్తుకోమని రెండు చేతులూ పైకి చాచి, ఉన్నచోటే కూర్చుని ఏడ్చేది. చాలాసార్లు నేనే వెనక్కి వెళ్లి ఎత్తుకున్నాను. ఇరవై రెండో నెలలో నడిచింది. పరుగు మాత్రం ఎప్పుడూ చూడలేదు.

ఇప్పుడు విజయవాడలో అక్క దగ్గరే ఉండి ఒకటో తరగతి చదువుతోంది. మొన్న అక్క ఫోన్ చేసి సంబరంగా చెప్పింది. "టీచరు తెగ మెచ్చుకుందిరా. కూర్చోబెట్టిన చోటు నుంచి కదలదట."

"ఆటల పీరియడ్‌లో?" అన్నాను.

"గోడ దగ్గర నిలబడి అందరినీ చూస్తుందట. దాని స్వభావమే అంత, నెమ్మది."

అక్క ఆ మాట నమ్ముతుంది. అమ్మ కూడా అదే అంటుంది, కాస్త తొందరగా. నేను ఇప్పటిదాకా కాదనలేదు.